కుట్టిన చోట ఏ లోహం పెడుతున్నాం?

కురుమూర్తి జాతరకో, చెర్వుగట్టుకో, యాదగిరిగుట్టకో వెళ్లి బిడ్డకు పుట్టువెంట్రుకలు తీయించినవాళ్లు ఆ చేత్తోనే చెవులు కూడా కుట్టించేయడం దక్షిణ తెలంగాణలో తరాలుగా నడుస్తున్న ఆనవాయితీ. మేనమామ బిడ్డను ఒళ్లో కూర్చోబెట్టుకుంటాడు. అవుసలాయన సన్నటి బంగారు తీగ కొసను వాడిగా చేసి, చెవి తమ్మెలోంచి దూర్చి, ఆ తీగనే గుండ్రంగా వంచి కొసలు కలిపేస్తాడు. రెండు నిమిషాల పని. దాని పక్కనే కొన్నేళ్లుగా ఇంకో రకం కుట్టించడం పెరిగింది. నల్లగొండ, మహబూబ్‌నగర్, మిర్యాలగూడ, సూర్యాపేట లాంటి పట్టణాల్లో బ్యూటీ పార్లర్లు, ఫ్యాన్సీ దుకాణాలు గన్‌తో టక్కున కుట్టి పంపిస్తున్నాయి. ఇంటర్, డిగ్రీ చదివే అమ్మాయిలు తమ్మెకు రెండో కుట్టు, చెవి పైఅంచుకు ఒకటి, ముక్కుకు ఒకటి వేయించుకుంటున్నారు. అబ్బాయిలూ ఒక చెవికి కుట్టించుకుంటున్నారు.

ఈ రెండు పద్ధతుల్నీ పక్కపక్కన పెట్టి చూస్తే ఒక సంగతి తేటగా కనిపిస్తుంది. అవుసలాయన పెట్టే లోహం మంచిది, పనిముట్టు శుభ్రతకే పూచీ లేదు. పార్లర్‌లో స్టడ్ సీలు వేసిన ప్యాకెట్‌లోంచి వస్తుంది, కానీ అది ఏ లోహమో అమ్మేవాళ్లు చెప్పలేరు, కొనేవాళ్లు అడగరు. చెవి పడలేదని, ముక్కు చీము పట్టిందని ఇళ్లలో చెప్పుకునే బాధల్లో చాలావాటికి మూలం ఈ రెండు లోపాల్లో ఏదో ఒకటి. పాత పద్ధతిలోని లోహాన్ని, ఆస్పత్రి తరహా సూదిని ఒక్కచోటికి తెచ్చుకుంటే రెండు లోపాలూ తీరతాయి. జిల్లా కేంద్రానికి బస్సు దూరంలో ఉన్నవాళ్లకు అది అందని పనేమీ కాదు.

కుట్టు అంటే గాయమే. మామూలు గాయాన్ని మూసుకుపోనిస్తాం, దీన్ని మాత్రం మూసుకోనివ్వకుండా మధ్యలో ఒక వస్తువును నిలిపి ఉంచుతాం. దాని చుట్టూ కొత్త చర్మం రెండు వైపుల అంచుల నుంచి లోపలికి పెరుగుతూ వచ్చి నడుమ కలుసుకోవాలి. అందుకే బయటికి మానినట్టు కనిపించే చెవి లోపల ఇంకా పచ్చిగానే ఉంటుంది. తమ్మె మానడానికి ఆరు నుంచి ఎనిమిది వారాలు పడుతుంది. ముక్కు పక్కకు నాలుగు నుంచి ఆరు నెలలు, చెవి పైభాగంలోని మృదులాస్థికి ఆరు నెలల నుంచి ఏడాది. బొడ్డు దగ్గరా అంతే కాలం. అన్ని రోజులూ ఆ లోహం పచ్చి కండను ఒరుసుకుంటూ ఉంటుంది. మెడలో గొలుసును ఎంచే లెక్కతో మొదటి పుడకను ఎంచకూడదనడానికి కారణం ఇదే.

నికెల్ చేసే పని

గిల్టు, రోల్డ్ గోల్డ్, వన్ గ్రామ్ గోల్డ్ పేర్లతో అమ్మే నగల్లో లోపలిది ఎక్కువగా రాగి లేదా ఇత్తడి. పైపూత నిలవడానికి, మెరుపు తేలడానికి నడుమ నికెల్ పొర వేయడం ఈ వ్యాపారంలో మామూలు. ఆ పైన బంగారం కంటికి కనిపించేంత మాత్రమే ఉంటుంది. పెళ్లికో పండక్కో కాసేపు వేసుకుని తీసి డబ్బాలో పెట్టే నగకు ఆ పూత కొంతకాలం వస్తుంది. పచ్చి కుట్టులో పెడితే పగలూ రాత్రీ తడి, ఉప్పు, రాపిడి తప్పవు. పూత అరిగిన చోట నికెల్ నేరుగా కండకు తగులుతుంది. చెమటలోని ఉప్పు దాన్ని కొద్దికొద్దిగా కరిగిస్తుంది. నల్లగొండ, పాలమూరు ఎండల్లో ఏప్రిల్, మే నెలల్లో చెవి వెనక చెమట ఆరే పూట ఉండదు కాబట్టి ఈ కరగడం ఇక్కడ ఇంకా వేగంగా సాగుతుంది.

గట్టి పైచర్మం ఉన్నచోట కరిగిన నికెల్ లోపలికి వెళ్లడం కష్టం. కుట్టులో ఆ అడ్డు లేదు. లోపలికి చేరిన నికెల్ ఒంట్లోని ప్రొటీన్లకు అతుక్కుంటుంది, రోగనిరోధక వ్యవస్థలోని టీ కణాలు దాన్ని శత్రువుగా గుర్తుపెట్టుకుంటాయి. అక్కడి నుంచి నికెల్ ఎప్పుడు తగిలినా ఒకటి నుంచి మూడు రోజుల్లో దురద, ఎర్రదనం, చిన్న నీటిపొక్కులు, పొలుసులు కట్టడం మొదలవుతాయి. ఈ ఆలస్యమే జనాన్ని తికమక పెడుతుంది. ఆదివారం పెళ్లికి పెట్టుకున్న దుద్దులకు మంగళవారం చెవి దురద పెడితే తప్పంతా మధ్యలో తిన్న వంకాయ కూర మీదికి పోతుంది.

ఒకసారి ఈ ఎలర్జీ మొదలైతే సాధారణంగా జీవితాంతం ఉంటుంది. చెవితో ఆగదు. వాచీ వెనక పలక, బెల్టు బకిల్, జీన్స్ గుండీ, మెడలో గిల్టు గొలుసు, ఏది తగిలినా ఆ చోట చర్మం రేగుతుంది. పన్నెండేళ్ల పిల్లకు జాతర అంగడిలో ముచ్చటపడి కొనిపెట్టిన గిల్టు కమ్మల వల్ల అరవై ఏళ్లదాకా బాధ ఉండొచ్చంటే ఆ చౌక ఎంత ఖరీదైందో అర్థమవుతుంది. స్పర్శ వల్ల వచ్చే చర్మవ్యాధులపై పనిచేసే అమెరికా వైద్యుల సంఘం 2008లో నికెల్‌ను ఆ ఏటి ప్రధాన ఎలర్జీకారకంగా ప్రకటించింది.

దీన్ని చట్టంతో పట్టుకోవచ్చని యూరప్ చూపించింది. డెన్మార్క్ 1990లో నగల్లో నికెల్‌పై ఆంక్షలు పెట్టింది. ఆ తర్వాత చెవులు కుట్టించుకున్న అమ్మాయిల్లో నికెల్ ఎలర్జీ అంతకుముందు తరంకన్నా తగ్గిందని అక్కడి పరిశోధనల్లో తేలింది. 1994లో యూరోపియన్ యూనియన్ మొత్తానికీ నిబంధన వచ్చింది. ఇప్పుడు అక్కడ కుట్టులో దూర్చే పుడక నుంచి వారానికి చదరపు సెంటీమీటరుకు 0.2 మైక్రోగ్రాములకు మించి నికెల్ బయటికి రాకూడదు. చర్మానికి చాలాసేపు తగిలి ఉండే మిగతా వస్తువులకు ఆ హద్దు 0.5 మైక్రోగ్రాములు. ఇక్కడ గమనించాల్సింది, వాళ్లు కొలిచేది లోహంలో ఎంత నికెల్ ఉందన్నది కాదు, ఎంత బయటికి వస్తుందన్నది.

స్టీలు చుట్టూ ఉన్న గందరగోళం ఈ తేడా తెలిస్తే విడిపోతుంది. 316ఎల్ రకం స్టీలులో 10 నుంచి 14 శాతం నికెల్ ఉంటుంది. అయినా పైన ఏర్పడే క్రోమియం ఆక్సైడ్ పొర దాన్ని లోపలే పట్టి ఉంచుతుంది. నున్నగా పాలిష్ చేసిన ఇంప్లాంట్ గ్రేడు స్టీలు చాలామందికి పడుతుంది, ఇదివరకే నికెల్ పడనివాళ్లు మాత్రం దాని జోలికి పోకపోవడం మంచిది. అట్టముక్క మీద ‘సర్జికల్ స్టీల్’ అని రాసినంత మాత్రాన ఏ గ్రేడో తెలియదు, ఆ పేరుకు కట్టుబడి ఉండాల్సిన కొలత ఏదీ లేదు. అయస్కాంతానికి అతుక్కోకపోతే మంచిదని కొందరు పరీక్షించి చూస్తారు. 316ఎల్ కూడా అతుక్కోదు, ఇత్తడీ అతుక్కోదు. నికెల్‌ను నిజంగా పట్టిచ్చేది కెమిస్ట్రీ ల్యాబుల్లో వాడే డైమిథైల్ గ్లయాక్సిమ్. అమోనియాతో కలిపి దూదిపుల్లకు అద్ది నగను రుద్దితే, నికెల్ ఊడి వస్తున్నచోట దూది గులాబీ రంగుకు తిరుగుతుంది. చర్మవైద్యులు ప్యాచ్ టెస్ట్ చేసి మనిషికి నికెల్ పడుతుందో లేదో కూడా చెప్పగలరు.

బంగారంలో తేడాలు

మేలిమి బంగారం ఒంటితో గొడవ పడడం చాలా అరుదు. గొడవంతా అందులో కలిపేదానితోనే. 22 క్యారట్లలో 91.6 శాతం బంగారం, 18 క్యారట్లలో 75 శాతం, 14 క్యారట్లలో 58.5 శాతం. మిగిలింది రాగి, వెండి, జింకు అయితే ఇబ్బంది తక్కువ. తెల్ల బంగారంలో మాత్రం తెలుపు కోసం నికెల్ కలిపే రకం ఉంది, పల్లాడియం కలిపే రకమూ ఉంది. మొదటి కుట్టుకు తెల్ల బంగారం తీసుకునేవాళ్లు ఈ ఒక్క ప్రశ్న అడగకుండా డబ్బులు ఇవ్వకూడదు.

హాల్‌మార్క్ ఉంది కదా అన్న ధీమా ఇక్కడ రెండు చోట్ల సడలుతుంది. హాల్‌మార్క్ బంగారం ఎంత శాతమో చెబుతుంది, మిగతా లోహం ఏదో చెప్పదు. రెండోది, 2021 జూన్ 16 నుంచి తప్పనిసరి హాల్‌మార్కింగ్ అమల్లోకి వచ్చినా, 2023 ఏప్రిల్ 1 నుంచి ఒక్కో నగకు విడిగా ఇచ్చే ఆరు అక్షరాల గుర్తింపు సంఖ్య, హెచ్‌యూఐడీ, ఉన్న నగలే అమ్మాలన్నా, రెండు గ్రాముల లోపు నగలకు మినహాయింపు ఉంది. ముక్కుపుల్ల, పసిపిల్లల కమ్మలు, సన్నటి రింగులు చాలావరకు ఆ లోపే తూగుతాయి. అంటే పచ్చి గాయంలో పెట్టే నగకే ముద్ర తప్పనిసరి కాకుండా పోయింది. కాబట్టి బిల్లు మీద క్యారట్, బరువు రాయించుకోవాలి. నికెల్ కలపలేదని షాపువాళ్లతో నోటితో కాకుండా కాగితం మీద చెప్పించుకోగలిగితే ఇంకా మంచిది. రెండు గ్రాములు దాటిన నగైతే బీఐఎస్ కేర్ అనే ప్రభుత్వ యాప్‌లో హెచ్‌యూఐడీ కొట్టి అక్కడికక్కడే సరిచూసుకోవచ్చు. ఇంట్లో ఉన్న పాత బంగారం కరిగించి ముక్కుపుల్ల చేయించే అలవాటు పల్లెల్లో ఇంకా ఉంది. పాత నగల టంకంలో ఏమున్నదో ఎవరికీ తెలియదు. ఒకప్పుడు కేడీఎం పేరుతో చెలామణి అయిన టంకంలో కాడ్మియం ఉండేది. ఆ లోహపు పొగ పనివాళ్ల ఊపిరితిత్తులకే చేటు చేసింది. అలాంటి నగ కరిగించిన బంగారం మొదటి కుట్టుకు వద్దు.

ఇక అవుసలాయన తీగ విషయం. మేలిమికి దగ్గరగా ఉండే బంగారంతో చేసిన తీగకు టంకం ఉండదు, మర ఉండదు, అతుకు ఉండదు. ఎలర్జీ పరంగా చూస్తే దాన్ని మించింది దొరకడం కష్టం. అయితే అంత మెత్తటి బంగారం సులభంగా వంగుతుంది, గీతలు పడుతుంది. ఆ గీతల్లో మురికి చేరుతుంది, చీరకొంగో తువ్వాలో పట్టుకుని లాగితే రింగు కొసలు విచ్చుకుంటాయి. పైగా గుండ్రటి తీగ కుట్టులో తిరుగుతూనే ఉంటుంది, బయట ఎండిన చెక్కును లోపలికి ఈడ్చుకెళ్తుంది. నిటారు పుల్ల అంతగా కదలదు. వృత్తిగా కుట్టే నిపుణులు మొదటి నగకు 14 నుంచి 18 క్యారట్ల మధ్య, నికెల్, కాడ్మియం లేని బంగారాన్ని ఎంచుకోమనేది ఈ గట్టిదనం కోసమే. పసిపిల్లల తమ్మెకు తీగ పెట్టించినా, నున్నగా ఉండి, కొసలు కండకు గుచ్చుకోకుండా ఉందో లేదో వేలితో తడిమి చూసుకోవాలి. ముక్కుకు, చెవి పైభాగానికి నిటారు పుల్లే మేలు.

బంగారం ధర మోయలేనివాళ్లకు, నికెల్ పడనివాళ్లకు టైటానియం మంచి దారి. ఎముకలకు వేసే ఇంప్లాంట్లలో వాడే ఏఎస్‌టీఎం ఎఫ్136 గ్రేడు టైటానియం ఒంటికి పడకపోవడం చాలా అరుదు. చేతిలో పెట్టుకుంటే స్టీలుకన్నా తేలిగ్గా ఉంటుంది. ఆన్‌లైన్‌లో కొనేటప్పుడు ఉత్త ‘టైటానియం’ అన్న మాట కాదు, ఆ గ్రేడు సంఖ్య వెతకాలి. టైటానియం రంగు పూసిన స్టీలు కూడా అదే పేరుతో అమ్ముడవుతుంది. వెండి పాత కుట్టుకు సరే, పచ్చి కుట్టుకు కాదు. నల్లబడి చర్మంలో మచ్చ వదిలే అవకాశం ఉంది.

ఆకారానికీ లోహమంత ప్రాధాన్యం ఉంది. కుట్టిన తొలి రోజుల్లో వాపు వస్తుంది కాబట్టి పుల్ల కాస్త పొడవుగా ఉండాలి. వాపు తగ్గాక దాన్ని పొట్టిదానితో మార్పించాలి, లేకపోతే వదులుగా ఊగి కుట్టు వంకరపోతుంది. గన్‌తో కుట్టే స్టడ్‌లకు వెనక సీతాకోకచిలుక రెక్కల్లాంటి బిళ్ల ఉంటుంది. దాన్ని గట్టిగా నొక్కేస్తే వాచిన తమ్మె మీదుగా కండ పెరిగి బిళ్ల లోపలికి కూరుకుపోతుంది. పసిపిల్లల్లో ఇది తరచుగా డాక్టరు దగ్గరికి తీసుకొచ్చే సమస్య. ఆ రెక్కల సందుల్లో ఎండిన చీము, సబ్బు, నూనె పేరుకుని ముదురు రంగు ముద్దలా తయారవుతాయి. చదునైన బిళ్ల ఉన్న పుల్లకు ఆ బాధ లేదు. ముక్కుపుల్ల లోపలి మర వదులైతే పడుకున్నప్పుడు ఊడి శ్వాసనాళంలోకి జారిన సంఘటనలు మన దేశపు వైద్య పత్రికల్లో నమోదై ఉన్నాయి. మర బిగువును వారానికోసారైనా, చేతులు కడుక్కుని, చూసుకోవాలి. రాళ్లు, ముత్యాలు, పగడాలు పొదిగినవి మొదటి కుట్టుకు వద్దు. వాటిని ఆవిరి యంత్రంలో పెట్టి శుద్ధి చేయలేరు, రాయి కింద సందులో మురికి నిలుస్తుంది. బుట్టలు, మాటీలు లాంటి బరువులు ఏడాది దాటాకే.

సూదా, గన్నా, తీగా

గన్ అనేది స్ప్రింగు బలంతో మొద్దు కొస ఉన్న స్టడ్‌ను కండలోకి తోసే యంత్రం. సూది కండను సన్నగా కోసి దారి చేస్తే, గన్ చీల్చి దూరుతుంది. మెత్తటి తమ్మెకు అది చాలాసార్లు చెల్లిపోతుంది. చెవి పైభాగానికి చెల్లదు. మృదులాస్థికి సొంత రక్తనాళాలు లేవు, చుట్టూ ఉన్న పల్చటి పొర నుంచే దానికి పోషణ అందుతుంది. గన్ దెబ్బకు ఆ పొర ఊడినా, మృదులాస్థి బీటలు వారినా అక్కడికి చేరిన సూక్ష్మజీవిని తరిమే రక్తం ఉండదు. సూడోమోనాస్ అనే బ్యాక్టీరియాకు ఇది మంచి అదును. 2000లో అమెరికాలోని ఓరెగన్ రాష్ట్రంలో ఒకే చోట గన్‌తో చెవి పైభాగం కుట్టించుకున్నవాళ్లకు వరసగా ఈ ఇన్ఫెక్షన్ వచ్చింది. ఆరా తీస్తే అక్కడ వాడే క్రిమిసంహారక ద్రవం సీసాలోనూ అదే బ్యాక్టీరియా దొరికింది. శుభ్రం చేయడానికి తెచ్చిన సీసాయే జబ్బును మోసింది. ఇలాంటి ఇన్ఫెక్షన్ ముదిరితే మృదులాస్థి కరిగి చెవి ముడుచుకుపోతుంది, ఆ ఆకారం మళ్లీ తిరిగి రాదు.

ప్లాస్టిక్ భాగాలున్న గన్‌ను ఆటోక్లేవ్‌లో పెట్టలేరు. ఆటోక్లేవ్ అంటే 121 డిగ్రీల వేడి ఆవిరితో, పీడనం కింద, పదిహేను నుంచి ఇరవై నిమిషాలు ఉంచి సూక్ష్మజీవుల్నీ వాటి బీజాల్నీ చంపే యంత్రం. స్పిరిట్‌తో తుడవడం దానికి సాటి రాదు, సూదిని దీపం మంటలో కాల్చడమూ అంతే. మంట మసిని మిగులుస్తుంది, కాల్చిన సూదిని మళ్లీ చేత్తో పట్టుకుని తుడిస్తే చేసిందంతా వృథా. హెపటైటిస్ బి వైరస్ ఎండిన రక్తంలో కనీసం ఏడు రోజులు బతికి ఉంటుంది. జాతరలో వరసగా కూర్చున్న పదిమంది పిల్లలకు ఒకే సూది, ఒకే పట్టకారు తిరుగుతుంటే ఆ ఏడు రోజుల సంగతి గుర్తుకు రావాలి.

అవుసలాయనను వద్దనమని దీని అర్థం కాదు. ఆయన చెయ్యి నేర్పు చాలామంది పార్లర్ పనివాళ్లకు లేదు, గురి తప్పదు. ఆయన దగ్గరే కుట్టించాలని ఇంటి పెద్దలు పట్టుబడితే ఆయన చేసిన తీగనో పుల్లనో ముందే తీసుకుని, తెలిసిన నర్సింగ్ హోమ్‌లో ఆటోక్లేవ్ చేయించి, సీలు కవరులోనే ఆయన చేతికి ఇవ్వొచ్చు. మెడికల్ షాపులో దొరికే స్టెరైల్ గ్లవ్స్ జత, కొత్త సీలు సూది తీసుకెళ్లొచ్చు. ఇంతకన్నా తేలికైంది, చెవి, ముక్కు, గొంతు డాక్టరు దగ్గరో చర్మవైద్యుల దగ్గరో మన నగ తీసుకెళ్లి సూదితో కుట్టించుకోవడం. కుట్టే పని చేస్తారో లేదో ముందు ఫోన్ చేసి కనుక్కోవాలి.

టీకాల లెక్క కూడా కుట్టుకు ముందే చూడాలి. ధనుర్వాతం బీజాలు మట్టిలో, పశువుల పేడలో ఏళ్ల తరబడి ఉంటాయి. మన దేశంలో బాలింతలకు, నవజాత శిశువులకు వచ్చే ధనుర్వాతం ప్రజారోగ్య సమస్యగా లేకుండా పోయిందని 2015లో ప్రకటించారంటే దాని వెనక టీకాల పని ఉంది. పసిబిడ్డకు పెంటావాలెంట్ టీకాలు 6, 10, 14 వారాలకు పడతాయి. మూడూ అయ్యాక చెవులు కుట్టిస్తే ధనుర్వాతానికీ, హెపటైటిస్ బికీ రక్షణ ఉన్నట్టే. ఇరవై ఒకటో రోజునే కుట్టించాలని తొందరపడే ఇళ్లలో ఈ మాట అంగన్‌వాడీ టీచరో ఆశా కార్యకర్తో చెబితే వింటారు. పెద్ద పిల్లలకు పదేళ్లప్పుడు, పదహారేళ్లప్పుడు ధనుర్వాతానికి వేసే టీడీ టీకా పడిందో లేదో చూసుకోవాలి. షుగరు అదుపులో లేనివాళ్లు, గుండె కవాటాల జబ్బున్నవాళ్లు, రక్తం పల్చబడే మందులు వాడేవాళ్లు తమ డాక్టరును అడగకుండా కుట్టించుకోకూడదు. గర్భిణులు కాన్పు అయ్యేదాకా ఆగాలి.

ఇంటికొచ్చాక

కుట్టిన సాయంత్రం నుంచే ఇంట్లో వైద్యం మొదలవుతుంది. పసుపు, కొబ్బరినూనె కలిపి అద్దుతారు, వేపపుల్లో చీపురుపుల్లో దూర్చి ఉంచుతారు, కుట్టు అతుక్కుపోతుందని రోజూ తిప్పుతారు. ఇవన్నీ ప్రేమతో చేసేవే, అందుకే కాదనడానికి నోరు రాదు. కానీ వంటింటి పసుపు డబ్బాలో రోజూ తడి చెంచా పడుతుంది. నూనెతో కలిసిన పసుపు ముద్దయి కుట్టు నోరు మూసేస్తుంది, లోపలి రసి బయటికి రాదు. చీపురుపుల్ల నేల ఊడ్చినదాంట్లోంచి విరిచిందే, దాని మీద ధనుర్వాతం బీజాలు ఉండే వీలుంది. తిప్పడం వల్ల కుట్టు తెరిచి ఉండదు, అప్పుడప్పుడే అల్లుకుంటున్న కొత్త చర్మం చిరుగుతుంది. డెట్టాల్, స్పిరిట్, హైడ్రోజన్ పెరాక్సైడ్ కూడా ఇదే కోవలోవి, సూక్ష్మజీవులతో పాటు కొత్త కణాల్నీ చంపుతాయి.

కావాల్సింది చాలా తక్కువ. ఏ మెడికల్ షాపులోనైనా దొరికే 0.9 శాతం నార్మల్ సెలైన్, కొంచెం స్టెరైల్ గాజు గుడ్డ. వంద మిల్లీలీటర్ల సీసా తీసుకోవడం నయం, తెరిచినదాన్ని రోజు దాటి వాడకూడదు కాబట్టి. సబ్బుతో చేతులు కడుక్కోవాలి. గాజు గుడ్డను సెలైన్‌లో తడిపి కుట్టు ముందు, వెనక ఒకటి రెండు నిమిషాలు ఆనించి ఉంచాలి. గట్టిపడిన చెక్కు అప్పటికి మెత్తబడి దానంతటదే గుడ్డకు అంటుకొస్తుంది, రాకపోతే గోటితో గీకకుండా వదిలేయాలి. ఆరిన గాజు గుడ్డతో తడి అద్దితే ఆ పూటకు పని అయిపోయినట్టే. రోజుకు రెండుసార్లు చాలు. దూది వద్దు, దాని పోగులు పుల్లకు చుట్టుకుంటాయి.

ఇంట్లోనే ఉప్పునీళ్లు కలుపుకోవచ్చు కదా అనిపిస్తుంది. లీటరుకు తొమ్మిది గ్రాముల లెక్క చెంచాతో కుదరదు, ఉప్పు ఎక్కువైతే గాయం ఎండి మండుతుంది. పైగా ఇక్కడి నీళ్ల సంగతి వేరే చెప్పాలా? ఫ్లోరైడ్‌ను పటిక, సున్నంతో తీసే పద్ధతికి ‘నల్లగొండ టెక్నిక్’ అన్న పేరే పడిందంటే ఈ జిల్లా భూగర్భ జలాలు ఎంత ఖనిజాలు మోస్తాయో తెలుస్తుంది. మరిగిస్తే క్రిములు చస్తాయి గానీ లవణాలు పోవు, నీరు ఆవిరైన కొద్దీ ఇంకా చిక్కబడతాయి. సెలైన్ సీసాకు పెట్టే డబ్బు ఇక్కడ వృథా ఖర్చు కాదు.

పుట్టువెంట్రుకల రోజే కోనేటి స్నానం కూడా ఉంటే స్నానం ముందు, కుట్టు తర్వాత అన్న వరస పాటించాలి. కుట్టు మానేదాకా బావి, చెరువు, కాలువ ఈతలు లేవు. నాట్లకు, పత్తి ఏరడానికి వెళ్లే ఆడవాళ్లు బురద చేత్తో చెవి సవరించుకోవడం అలవాటు మీద జరిగిపోతుంది. పని తక్కువ ఉన్న నెలల్లో కుట్టించుకుంటే ఆ బాధ ఉండదు. ఎండకు ముఖం చుట్టూ బిగించే చున్నీ, బండి మీద హెల్మెట్, చెవికి ఆనించే ఫోను, నూనె పట్టిన దిండు గలీబు, ఇవన్నీ కుట్టును రోజంతా ఒరిసే వస్తువులే. గలీబు రెండు రోజులకోసారి మార్చాలి, కుట్టిన వైపు పడుకోకూడదు.

తొలి వారం కొద్దిగా వాపు, ఎర్రదనం, తాకితే నొప్పి, పల్చటి తెల్లని లేదా లేత పసుపు రసి కారి ఎండడం మామూలే, అది చీము కాదు. దురద ఎక్కువై, నొప్పి తక్కువై, నగ ఆనిన మేరకే చర్మం రేగితే లోహాన్ని అనుమానించాలి. నొప్పి రోజురోజుకూ పెరుగుతూ, చోటు వేడెక్కి, చిక్కటి పచ్చని చీము పడితే, జ్వరం వస్తే, ఎరుపు చుట్టూ పాకితే డాక్టరు దగ్గరికి ఆ రోజే వెళ్లాలి. చెవి పైభాగం వాచి తమ్మె మామూలుగా ఉందంటే అది మృదులాస్థి ఇన్ఫెక్షన్ గుర్తు, ఒక్క రాత్రి కూడా ఆగకూడదు. మెడికల్ షాపులో అడిగి తెచ్చుకునే మాత్ర చాలాసార్లు సూడోమోనాస్‌పై పనిచేయదు. చీము పట్టగానే భయపడి నగ పీకేయడం ఇళ్లలో జరిగే పొరపాటు. కుట్టు నోరు మూసుకుపోతే చీము లోపలే గడ్డ కడుతుంది. తీయాలా ఉంచాలా అన్నది చూసినవాళ్లు తేల్చాలి.

ముక్కు కుట్టు పక్కన వచ్చే చిన్న ఎర్రటి బుడిపెను చూసి కిలాయిడ్ అని కంగారుపడేవాళ్లు ఎక్కువ. చాలాసార్లు అది రాపిడి వల్ల వచ్చిందే, సరైన పొడవు పుల్ల పెట్టి, చేయి పెట్టకుండా ఉంటే కొన్ని నెలల్లో అణుగుతుంది. కిలాయిడ్ తీరు వేరు. గాయం హద్దు దాటి పెరుగుతూ పోతుంది, గట్టిగా, నున్నగా ఉంటుంది, కుట్టిన ఏడాదికి కూడా మొదలుకావొచ్చు. చామనఛాయ, నలుపు ఒంటివాళ్లలో, ఇంట్లో ఇంకొకరికి వచ్చినవాళ్లలో ముప్పు ఎక్కువ. పదకొండేళ్లు దాటాక కుట్టించుకున్నవాళ్లలో ఇది ఎక్కువగా వచ్చినట్టు అమెరికాలో జరిగిన ఒక అధ్యయనం చూపింది. ఉత్త కోసి తీయడం వల్ల మళ్లీ ఇంకా పెద్దదై రావొచ్చు, స్టెరాయిడ్ ఇంజెక్షన్లు తోడు కావాలి. తల్లికో అక్కకో కిలాయిడ్ ఉంటే ఫ్యాషన్ కోసం అదనపు కుట్లు వేయించుకోకపోవడమే సరైన నిర్ణయం.

బరువైన గెంటీలు ఏళ్ల తరబడి మోసి తమ్మెలు రెండుగా చీలిన ముసలమ్మలు ప్రతి ఊళ్లో కనిపిస్తారు. దీన్ని ఆ చోటికి మాత్రమే మత్తిచ్చి గంటలోపే కుట్టి సరిచేస్తారు. కొన్ని నెలలు ఆగి, కుట్టు మచ్చ మీద కాకుండా దాని పక్కన కొత్తగా కుట్టించుకోవాలి.

నగ తీయక తప్పని సందర్భాలు కొన్ని ఉన్నాయి, ఆపరేషన్, ఎంఆర్ఐ స్కాన్, ఇంకా నీట్. ఆ పరీక్షకు చెవి కమ్మలు, ముక్కుపుల్ల సహా ఏ నగా పెట్టుకుని లోపలికి వెళ్లనివ్వరు. ఇంటర్ పరీక్షలు అయిపోయాయని మార్చి నెలాఖరులో ముక్కు కుట్టించుకున్న అమ్మాయి మే నెలలో కేంద్రం గేటు దగ్గర దాన్ని తీయాల్సి వస్తుంది. అప్పటికి కుట్టు వయసు ఐదారు వారాలే. తమ్మె కుట్టు పాతబడితే నెలల తరబడి ఖాళీగా ఉన్నా తెరిచే ఉంటుంది, పచ్చి ముక్కు కుట్టు లోపలి వైపు కొన్ని గంటల్లోనే బిగుసుకోవడం మొదలుపెడుతుంది. సాయంత్రం ఇంటికొచ్చి అద్దం ముందు బలవంతంగా దూర్చితే పుల్ల పాత దారి తప్పి పచ్చి కండలోకి దిగుతుంది. దూరకపోతే కుట్టినవాళ్ల దగ్గరికే వెళ్లి పెట్టించుకోవాలి, వాళ్లూ పెట్టలేకపోతే పూర్తిగా మానేదాకా ఆగి, రెండు మూడు నెలల తర్వాత కొత్తగా కుట్టించుకోవాలి. నీట్ రాసే ఏడాది ముక్కు కుట్టును పరీక్ష మర్నాటికి వాయిదా వేసుకుంటే ఈ తిప్పలు ఉండవు.